స్థానికులకు ఉద్యోగాలు: శాతాల కన్నా ముందు శిక్షణ ఉండేది

పరిశ్రమల్లో ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న డిమాండ్ మళ్లీ వేడెక్కింది. స్థానికులకు కొలువుల కోసం వచ్చిన పాత ఏర్పాట్లు ముల్కీ నిబంధనలు, ఆరు సూత్రాల పథకం, 610 జీవో గురించి అందరికీ తెలుసు. పైగా అవన్నీ ప్రభుత్వ కొలువుల సంగతి. ఇప్పటి గొడవ ప్రైవేటు ఫ్యాక్టరీ గేటు దగ్గర.

ఈ గొడవ అర్థం కావాలంటే, పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్న ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కన్నా ముందు 2005ని చూడాలి. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ ఆ ఏడాది ఈజీఎంఎం (ఎంప్లాయ్‌మెంట్ జనరేషన్ అండ్ మార్కెటింగ్ మిషన్) అనే ఉపాధి మిషన్‌ను మొదలుపెట్టింది. అంతకుముందు శిక్షణంటే చాలావరకు సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేయడమే. ఈ మిషన్ ఆ వరుసను తిరగేసింది. ముందు కంపెనీతో మాట్లాడి ఎలాంటి మనుషులు కావాలో తెలుసుకోవడం, ఆ తర్వాతే కోర్సు. ఇంగ్లిష్, కంప్యూటర్, ఆఫీసులో మసలుకునే తీరు నేర్పే మూడు నెలల రెసిడెన్షియల్ శిక్షణ అలా వచ్చింది. సెక్యూరిటీ, రిటైల్ లాంటి రంగాలకు విడిగా కోర్సులు పెట్టారు.

అభ్యర్థులను వెతికే పనిలో ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) కింద ఊళ్లలో ఉన్న మహిళా పొదుపు సంఘాలు తోడయ్యాయి. అసలు బలం అక్కడే ఉంది. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నదెవరో, అప్పుల్లో ఉన్న ఇల్లేదో సంఘం అక్కలకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. ఆడపిల్లను హాస్టల్‌కు పంపడానికి భయపడే తల్లిదండ్రులకు నచ్చజెప్పగలిగింది కూడా వాళ్లే. లోపాలు లేవని కాదు. నగరంలో వచ్చిన జీతం అద్దెకూ తిండికీ సరిపోక తిరిగొచ్చిన పిల్లలున్నారు. అయినా ఊరు, సర్కారు, కంపెనీ ముగ్గురూ ఒకే పనిలో చెయ్యి వేశారు.

2014లో రాష్ట్రం విడిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్రం గ్రామీణ యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే డీడీయూ-జీకేవై (దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన)ని ప్రారంభించింది. దానికి వయోపరిమితి 15 నుంచి 35 ఏళ్లు. మహిళలు, దివ్యాంగులు వంటి కొన్ని వర్గాలకు 45 దాకా సడలింపు ఉంది. పరిశ్రమకు భూమి ఇచ్చిన నలభై ఏళ్ల రైతుకు మాత్రం ఇందులో చోటు లేదు. స్థానికుడికే ఉద్యోగమని గట్టిగా అడిగేవాళ్లలో ఇలాంటివాళ్లే ఎక్కువ కదా.

2019 జులైలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 75 శాతం చట్టం చేసింది. అందరూ శాతం గురించే మాట్లాడారు. తగిన స్థానికులు దొరక్కపోతే ప్రభుత్వ సహకారంతో మూడేళ్లలోగా శిక్షణ ఇచ్చి తీసుకోవాలన్న షరతు కూడా అందులో ఉంది. 2005 అనుభవానికి దగ్గరగా ఉన్నది ఆ షరతే. కానీ బాధ్యతను కంపెనీ, ప్రభుత్వం మధ్యే పంచారు. ఊరి సంఘాలకు పాత్ర ఇవ్వలేదు.

నైపుణ్యం దొరకదని, పెట్టుబడి వెళ్లిపోతుందని పరిశ్రమలు అంటున్నాయి. ఇలాంటిదే అయిన హర్యానా చట్టాన్ని 2023 నవంబరులో హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక మంత్రివర్గం 2024 జులైలో బిల్లును ఆమోదించాక, రెండు రోజులకే ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. న్యాయపరమైన చిక్కు నిజమే. నైపుణ్యం దొరకదన్న వాదన మాత్రం అచ్యుతాపురం బ్రాండిక్స్ దుస్తుల ఫ్యాక్టరీలో, శ్రీసిటీ ఫోన్ల ఫ్యాక్టరీలో నిలబడదు. అక్కడి లైన్లలో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే ఆడవాళ్లే. ఆ పని వాళ్లకు పుట్టుకతో రాలేదు, నేర్పితే వచ్చింది.

కోటా కోర్టులో నిలవకపోయినా శిక్షణకు ఏ కోర్టూ అడ్డు చెప్పదు. భూసేకరణ ఒప్పందం రాసేటప్పుడే ఏ ఊరి నుంచి ఎంతమందికి, ఏ పనిలో, ఎన్నాళ్లు నేర్పుతారో కంపెనీ సంతకం చేయాలి. ఆ జాబితా ఊరి మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య చేతిలో ఉండాలి, 35 దాటినవాళ్ల పేర్లు కూడా అందులో ఉండాలి.