ఊరి పేరు చోట అడ్డగీత

మొన్న చెన్నై టీ నగర్‌లో ఒక కాఫీ హోటల్లో, స్వీడన్ నుంచి వచ్చిన ఒకావిడకు దుబాసీగా కూర్చున్నాను. సర్వర్ ఆమెతో తమిళంలోనే మాట్లాడుతున్నాడు, ఆమె నా మొహం చూస్తోంది. చూడబోతే మన మనిషే, ఒక్క ముక్క రాదేంటని అతని విసుగు. స్వీడన్‌లోనేమో చిన్నప్పటి నుంచీ "అసలు మీది ఏ దేశం?" అనే ప్రశ్నేనట. 1983లో పది నెలల పిల్లగా చెన్నై నుంచి అక్కడికి దత్తత వెళ్లింది. ఫైల్లో తల్లి భాష తెలుగు అని ఉంది. ఊరి పేరు చోట అడ్డగీత.

1956 నాటి హిందూ దత్తత చట్టం హిందువులకే. అందుకని విదేశీయులు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టులో సంరక్షకులై, పిల్లను తీసుకెళ్లి, తమ దేశంలో దత్తత పూర్తి చేసుకునేవారు.

1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరమే పిటిషన్ అయింది. ముందు దేశంలోనే ఇల్లు వెతకాలని 1984 తీర్పు చెప్పింది. విదేశానికి ఇస్తే మూడేళ్లలోపే ఇవ్వడం మంచిదని, అలాగైతే పిల్లలు కొత్త సంస్కృతిలో తేలిగ్గా కలుస్తారని కూడా అంది. సరే, పిల్ల కలుస్తుంది. ఎదుటివాళ్లు కలుపుకోవాలిగా? ఒంటి రంగు పెరిగే కొద్దీ మారదు. అమెరికాలో నల్లజాతి సామాజిక కార్యకర్తల సంఘం 1972లోనే ఈ గొడవ లేవదీసింది, నల్లపిల్లలను తెల్లవాళ్ల ఇళ్లకు ఇవ్వొద్దని. 1994లో అక్కడి చట్టం మరోవైపు మొగ్గి, జాతి పేరుతో దత్తత ఆపొద్దంది. మన దగ్గర ఆ వాదన అంతగా వినిపించలేదు. పిల్ల ఎలా దొరికిందన్న దగ్గరే మనకు తెల్లారిపోయింది.

1990లో దత్తతలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ కారా వచ్చింది. అయినా 2001 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల ఆడపిల్లలను డబ్బిచ్చి కొన్నారన్న ఆరోపణలు పెద్ద రగడయ్యాయి. 2003లో భారత్, దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందాన్ని ఆమోదించింది. 2005లో ఇదే చెన్నైలో, ఎత్తుకెళ్లిన పిల్లలను అనాథలని చూపి విదేశాలకు పంపిన కేసు బయటపడింది. అంటే ఆ ఫైల్లో 'తెలుగు' అన్న మాట కూడా ఎంతవరకు నిజమో!

పెద్దయ్యాక మూలాలు వెతుక్కోవడానికి ఇప్పటి దత్తత నిబంధనలు వీలిస్తాయి. ఆవిడ దరఖాస్తు పెట్టింది, జవాబు రాలేదు.

బిల్లు తెచ్చిన సర్వర్ "మీ చెల్లెలా?" అని నన్నడిగాడు. ఆ మాట ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాను.