మా అక్క గురువారం ఏ రంగు?

పోయిన ఏడాది పిన్ని కూతురి పెళ్ళి బట్టలకి ఏ రోజు వెళ్దామా అని అక్కా నేనూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. పద్నాలుగో తారీకు వెళ్దామన్నాను. "పద్నాలుగా... ఆ మట్టిరంగు రోజు కదా, అంటే గురువారం. సరే, కుదురుతుంది" అంది. మట్టిరంగు రోజేంటే అని నవ్వాను. అక్క నవ్వలేదు. "అదేంట్రా, నీకు వారాలకి రంగులుండవా?" అని అడిగింది, నాకు ముక్కు లేదన్న సంగతి అప్పుడే తెలిసినట్టు. బ్యాంకులో పని చేస్తుంది, వడ్డీ లెక్కలు నోటితో చెప్పేస్తుంది, ఊహల్లో తేలే మనిషి అసలు కాదు. నలభై ఏళ్ళుగా అందరికీ ఇలాగే ఉంటుందనుకుని ఎవరితోనూ అనలేదట. అనడానికి ఏముంది, ఉప్పు ఉప్పగా ఉందని ఎవరితోనైనా చెప్తామా?

పక్కనే కూరగాయలు తరుగుతున్న అమ్మకి ఇదంతా వింతగా అనిపించలేదు. "గురువారం పసుపే, దాంట్లో గొడవేముంది? గురుడికి శనగలు, పసుపు గుడ్డ. బుధుడికి పెసలు, ఆకుపచ్చ. శనికి నల్ల నువ్వులు" అని నవగ్రహాలన్నీ చెప్పుకుపోయింది. నిజమే, మన ఇళ్ళల్లో వారానికి రంగు కొత్త సంగతేమీ కాదు. ఆదివారం సూర్యుడు, ఎరుపు. సోమవారం చంద్రుడు, తెలుపు. మంగళవారం కుజుడు, మళ్ళీ ఎరుపే. థాయ్‌లాండ్‌లోనూ ఇలాంటి పట్టికే ఉంది, కాకపోతే అక్కడ సోమవారం పసుపు, మంగళవారం గులాబీ, గురువారం నారింజ. వాళ్ళ అప్పటి రాజు భూమిబోల్ సోమవారం పుట్టారని, 2006లో ఆయన గద్దెనెక్కి 60 ఏళ్ళయిన సందర్భంగా దేశమంతా పసుపు చొక్కాలు తొడుక్కుంది.

కానీ అక్కకున్నది ఇది కాదు. అమ్మకి గురువారం పసుపని తెలుసు. అక్కకి గురువారం మట్టిరంగులో *ఉంటుంది*, అదీ వాన పడ్డాక ఎర్రమట్టి కొంచెం నల్లబడితే వచ్చే రంగు. ఎవరూ నేర్పలేదు, పైగా అమ్మ చిన్నప్పటి నుంచీ పసుపని చెప్తూనే ఉన్నా మారలేదు.

దీన్ని సినస్థీషియా అంటారు. ఆపరేషన్ ముందు ఇచ్చే అనస్థీషియా అందరికీ తెలిసిందే, అంటే స్పర్శ తెలియకపోవడం. ఇది ఆ మాటకి చుట్టమే. గ్రీకులో 'సిన్' అంటే కలిసి. ఒక అనుభూతి తగిలితే దానితో పాటు మరొకటి పిలవకుండానే వచ్చేస్తుంది. కొందరికి అంకెలకి రంగులు, కొందరికి సంగీతానికి, చాలా కొద్దిమందికి మాటలకి రుచులు.

అబద్ధమో నిజమో ఎలా తేల్చడం? 1987లో ఇంగ్లండ్‌లో సైమన్ బారన్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఒక తేలికైన మార్గం పట్టారు. ఇప్పుడు అడిగి రాసుకోవడం, చాలా రోజులు ఆగి చెప్పాపెట్టకుండా మళ్ళీ అడగడం, అంతే. తర్వాత వాళ్ళు చేసిన ఇలాంటి పరీక్షలో సినస్థీషియా ఉన్నవాళ్ళ జవాబులు ఏడాది తర్వాత కూడా 90 శాతానికి పైగా కలిశాయి. మామూలు వాళ్ళవి వారానికే 40 శాతంలోపు పడిపోయాయి, అది కూడా మళ్ళీ అడుగుతామని ముందే చెప్పినా.

నేనూ అదే చేశాను. ఫోన్లో బొమ్మలకి రంగులేసే యాప్ తెరిచి, అక్క చేత ఏడు రోజులకి ఏడు చుక్కలు పెట్టించాను. బుధవారం దగ్గర అయితే పావుగంట పట్టింది, "ఇది కాదు, ఇంకొంచెం పాలు కలవాలి" అంటూ లేత నీలంలో ఏదో వెతుక్కుంది. నా ఏడు నిమిషంలో అయిపోయాయి. నాలుగు నెలల తర్వాత సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మళ్ళీ పెట్టమన్నాను. అక్క ఏడూ పాత చుక్కల పక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టమైంది. నావి మూడు కలిశాయి: మంగళ, బుధ, శని. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, అంటే అమ్మ చెప్పినవే. మిగతా నాలుగూ అప్పటికప్పుడు నోటికొచ్చినవని దాంతో బయటపడింది. (ఇంట్లో ఇద్దరి మీద చేసింది పరిశోధన కాదని నాకూ తెలుసు. అయినా ఆ రెండు వరుసలూ పక్కపక్కన చూశాక మళ్ళీ నవ్వలేకపోయాను.)

కంటికి కనిపిస్తుందా అంటే, అక్కకి గాల్లో ఏమీ కనిపించదు, లోపల తెలుస్తుంది. చాలామందికి ఇంతే. కొద్దిమందికి మాత్రం కాగితం మీద నల్ల అక్షరం మీదే రంగు పరుచుకున్నట్టుంటుంది. దీంతో ఇబ్బందేమీ లేదు, జబ్బూ కాదు, కాకపోతే చిన్న చిరాకులుంటాయి. ఆఫీసులో ఎవరో గురువారం గడికి ఆకుపచ్చ వేసి టైంటేబుల్ పంపిస్తే చదవడానికి అక్కకి ఒళ్ళు మండుతుందట. దీన్ని ల్యాబుల్లో కొలిచారు కూడా: అంకెకి తమ లోపలి రంగు కాక వేరే రంగు వేసి, ఆ సిరా రంగేదో చెప్పమంటే వీళ్ళు తడుముకుంటారు. లోపలి రంగు అడ్డమొస్తుంది, వద్దన్నా ఆగదు.

మొట్టమొదట దీన్ని రాసిపెట్టినాయన గేయోర్గ్ సాక్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి. 1812లో ఆయన తన పైనా, తన చెల్లెలి పైనా సిద్ధాంత గ్రంథం రాశాడు. రాసింది దీని గురించి కూడా కాదు, ఇద్దరికీ ఒంట్లో, జుట్టులో రంగు లేకుండా పుట్టే అల్బినిజం ఉండటం గురించి. మధ్యలో ఎక్కడో, తనకి అక్షరాలు, అంకెలు, వారాలు రంగుల్లో తోస్తాయని చెప్పుకుంటూ పోయాడు. ఒంట్లో రంగు లేదని రాయడం మొదలుపెట్టినవాడు మనసులో రంగుల దగ్గరికి చేరడం నాకు భలే ముచ్చటేసింది.

చాలాకాలం ఇది వేలల్లో ఒకరికి ఉండేదనుకున్నారు. 2006లో జూలియా సిమ్నర్ బృందం స్కాట్లాండ్‌లో 500 మందిని వరసపెట్టి పరీక్షిస్తే ఏదో ఒక రకం సినస్థీషియా 4.4 శాతం మందిలో తేలింది. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది వారాలకి రంగులుండటమే, 2.8 శాతం. అంటే నిండిన ఆర్టీసీ బస్సులో ఒకరికో ఇద్దరికో ఉండొచ్చు.

మరి ఏ రంగు ఏ రోజుకి అన్నది ఎవరు పంచుతున్నారు? ఇక్కడే కథ బాగుంటుంది. అమెరికాలో ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతపు అక్షరాల బొమ్మల సెట్టు ఒకటి 1970ల మొదట్లో వచ్చింది. 2015లో 6,588 మంది సినస్థీషియా ఉన్నవాళ్ళ అక్షరాల రంగుల్ని పరిశీలిస్తే కనీసం 6 శాతం మందివి ఆ బొమ్మల రంగులతో సరిపోయాయి. ఆ సెట్టు అమ్మకానికొచ్చాక పదేళ్ళలో పుట్టినవాళ్ళలో అయితే దాదాపు 15 శాతం. అది రావడానికి ఐదేళ్ళో అంతకన్నా ముందో పుట్టినవాళ్ళలో ఒక్కరూ లేరు. అంటే రంగు తగిలించుకునే గుణం పుట్టుకతో రావొచ్చుగానీ, ఏ రంగన్నది కొందరికి ఫ్రిజ్ తలుపు మీద నుంచి కూడా వచ్చింది.

2014లో మరో పని చేశారు. డచ్, ఇంగ్లీష్, హిందీ మాట్లాడేవాళ్ళని, ఎక్కువగా మామూలు వాళ్ళనే, వారాలకి రంగులు ఎంచుకోమన్నారు. సోమవారం ఎరుపని, ఆదివారం తెలుపని ఎక్కువమంది మొగ్గారు. మన నవగ్రహాల ప్రకారం చూస్తే సరిగ్గా తలకిందులు! హిందీవాళ్ళు అందులో 49 మందే కాబట్టి దీన్ని పట్టుకుని పెద్ద మాటలు అనలేం. తెలుగు వాళ్ళని అడిగితే ఆదివారం ఎరుపే గెలుస్తుందని నా పందెం, కారణం సూర్యుడు కాదు, గోడ క్యాలెండర్. ఆదివారాలు, సెలవులు అందులో ఎర్ర సిరాతోనే కదా చూస్తూ పెరిగాం.

తలలో ఏం జరుగుతుందన్న దాని మీద రెండు వాదాలు ఉన్నాయి. చెన్నైలో వైద్యం చదివి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ వి.ఎస్. రామచంద్రన్, ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ హబ్బర్డ్ 2001లో చెప్పింది ఒకటి. మెదడులో అంకెల ఆకారాల్ని పోల్చే చోటు, రంగుల్ని చూసే చోటు ఇరుగుపొరుగు ఇళ్ళు, వీళ్ళలో మధ్య గోడ కాస్త పల్చన అన్నారు. స్క్రీన్ నిండా 5లు, వాటి మధ్య 2లతో ఒక త్రికోణం పెడితే వీళ్ళు చప్పున పట్టేశారని చూపించారు. తర్వాతి పరీక్షల్లో ఆ తేడా అంత కొట్టొచ్చినట్టు కనిపించలేదు. పైగా వారానికి ఆకారం లేదు, వరుస మాత్రమే ఉంది. అలాంటివాళ్ళలో ఈ కలయిక మెదడులో ఇంకా పైమెట్టున జరుగుతుందని రామచంద్రన్ వాళ్ళే అన్నారు. రెండో వాదం ప్రకారం ఆ దారులు అందరిలోనూ ఉంటాయి, మామూలుగా మూసి ఉంటాయి, వీళ్ళకి తెరుచుకుని ఉంటాయి. ఎల్‌ఎస్‌డి లాంటి మత్తుపదార్థాలతో మామూలు వాళ్ళకీ కాసేపు శబ్దాలు రంగులవుతాయని చెప్పడం దీనికి బలం. నాకైతే రెండోదే నచ్చుతుంది, నాలోనూ ఏదో తలుపు మూసి ఉందనుకోవడం బాగుంటుంది కాబట్టి. అది శాస్త్రీయమైన కారణం కాదనుకోండి.

కుటుంబాల్లో వస్తుందన్నది మాత్రం ఇంగ్లండ్ శాస్త్రవేత్త గాల్టన్ కాలం నుంచీ, అంటే 1880ల నుంచీ తెలుసు. 2018లో నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు మూడు కుటుంబాల జన్యువులు వెతికారు. మూడిట్లోనూ కనిపించిన ఒకే మార్పంటూ ఏదీ లేదు. కానీ దొరికినవాటిలో, మెదడు ఎదిగేటప్పుడు నరాల తీగలు సాగి ఒకదానికొకటి కలవడంలో పనిచేసే జన్యువులు మామూలుగా తగలాల్సిన దానికన్నా ఎక్కువగా ఉన్నాయి.

ఇది చదివి అక్కకి ఫోన్ చేసి, నీకెవరి నుంచి వచ్చుంటుందే అన్నాను. నాన్న లేరు, అడగడానికి. అమ్మని అడిగితే మళ్ళీ శనగల దగ్గరికే వెళ్ళింది. "అది కాదమ్మా, అంకెలకేమైనా ఉన్నాయా?" అన్నాను ఊరికే. అమ్మ కుక్కర్ మూత బిగిస్తూ, "అంకెలకి రంగులేంట్రా, పిచ్చి కాకపోతే" అంది. కాసేపాగి, "ఏడొక్కటే కొంచెం వంకాయ రంగు" అంది.