మురుగు లేని నీళ్లలోనూ ముప్పే: విబ్రియో వెనక వందేళ్ల కథ

2022 సెప్టెంబరు చివర్లో ఇయన్ తుపాను ఫ్లోరిడా పడమటి తీరాన్ని ముంచేసింది. ఉప్పునీళ్లు చొరబడిన ఇళ్లను శుభ్రం చేసుకుంటున్నవాళ్లలో కొందరికి కాలి మీదో చేతి మీదో చిన్న దెబ్బ ఉంది. గంటల్లోనే అది వాచి, నల్లటి బొబ్బలెక్కి, ప్రాణం మీదికొచ్చింది. ఆ ఏడాది మొత్తం మీద ఆ రాష్ట్రంలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా సోకినవాళ్లు 74 మంది, చనిపోయినవాళ్లు 17 మంది. తుపాను తెచ్చిపెట్టిన కొత్త జబ్బేమీ కాదిది. ఆ బ్యాక్టీరియా ఎప్పటి నుంచో ఆ నీళ్లలోనే ఉంది. దాన్ని పట్టుకునేలా మన కాపలా లేదు, అంతే.

ఆల్చిప్పలు పెరిగే నీళ్ల మీద అమెరికాలో ఆ కాపలా మొదలైంది 1925లో. అంతకు ముందు ఏడాది చలికాలంలో న్యూయార్క్, షికాగో, వాషింగ్టన్ నగరాల్లో పచ్చి ఆల్చిప్పలు తిన్నవాళ్లకు టైఫాయిడ్ వచ్చింది. సుమారు 1,500 మంది మంచాన పడ్డారు, 150 మంది పోయారు. ఊళ్ల మురుగు ఆల్చిప్పల మడుగుల్లో కలవడమే కారణం. దాంతో అమెరికా ప్రభుత్వం దేశమంతటికీ ఒక తనిఖీ విధానం పెట్టింది. నీళ్లలో మలం ఆనవాళ్లు ఎంతున్నాయో కొలవడం, ఎక్కువుంటే అక్కడ వేట ఆపించడం. టైఫాయిడ్ విషయంలో అది బ్రహ్మాండంగా పనిచేసింది.

విబ్రియోకు మాత్రం మురుగుతో పని లేదు. సముద్రం, నది కలిసే చోట, ఉప్పు కాస్త తగ్గి, నీళ్లు వెచ్చగా ఉంటే చాలు, దానంతటదే పెరుగుతుంది. మలం పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న నీళ్లలోనూ అది దండిగా ఉండొచ్చు. ఆల్చిప్ప ఆ నీళ్లనే రోజంతా వడగడుతూ బతుకుతుంది కాబట్టి, నీళ్లలో పలచగా ఉన్న బ్యాక్టీరియా దాని ఒంట్లో చిక్కగా చేరుతుంది.

ఈ కుటుంబం గురించి తొలి హెచ్చరిక జపాన్ నుంచి వచ్చింది. 1950లో ఒసాకాలో ఎండబెట్టిన చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. త్సునెసబురో ఫుజినో అనే శాస్త్రవేత్త అందులోంచి పట్టుకున్నదే విబ్రియో పారాహీమోలిటికస్. వల్నిఫికస్ సంగతి తేలడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. అమెరికా వైద్యులు 1979లో 39 మంది రోగుల వివరాలు ప్రచురించారు. అందులో రెండు రకాల మనుషులు స్పష్టంగా కనబడ్డారు. దెబ్బతో సముద్రపు నీళ్లలో దిగినవాళ్లు ఒక రకం. పచ్చి ఆల్చిప్పలు తిని, రెండు మూడు రోజుల్లో రక్తమంతా విషమైపోయినవాళ్లు రెండో రకం. ఈ రెండో రకంలో చాలామందికి అప్పటికే కాలేయ జబ్బుంది. కాలేయం పాడైతే రక్తంలో ఇనుము విడిగా దొరుకుతుంది, ఈ బ్యాక్టీరియాకు కావలసింది అదే. రక్తంలోకి ఎక్కితే సగం మందికి పైగా బతకరు.

ఇంత తెలిశాక కూడా ఏం చేశారన్నదే నన్ను బాధపెట్టే భాగం. 1991 నుంచి 2001 వరకు ఒక్క కాలిఫోర్నియాలోనే పచ్చి ఆల్చిప్పల వల్ల 40 మంది చనిపోయారు. 2003లో ఆ రాష్ట్రం ఒక నిబంధన పెట్టింది: ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే ఆల్చిప్పల్ని బ్యాక్టీరియాను చంపే ప్రక్రియ చేశాకే పచ్చిగా అమ్మాలి. గడ్డకట్టించడమో, మెల్లగా వేడిచేయడమో, ఎక్కువ పీడనంలో పెట్టడమో, ఏదైనా సరే. ఆ తర్వాత అక్కడ చావులు దాదాపు ఆగిపోయాయి. 2009 అక్టోబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇదే నిబంధన దేశమంతా తెస్తామని ప్రకటించింది. లూసియానా, ఫ్లోరిడా వ్యాపారులు, వాళ్ల ప్రజాప్రతినిధులు గోల చేశారు. నవంబరుకల్లా సంస్థ వెనక్కి తగ్గింది. చిన్న జాలర్లకు ఆ యంత్రాల ఖర్చు భారమన్న మాట నిజమే. అయితే ఆ ఖర్చు ప్రభుత్వం భరించాల్సింది, నిబంధనను అటకెక్కించడం కాదు.

ఈలోగా నీళ్లు వేడెక్కుతున్నాయి. 2004లో అలాస్కా ఆల్చిప్పలు తిన్న ఓడ ప్రయాణికులకు పారాహీమోలిటికస్ సోకింది. అంత ఉత్తరాన అలాంటిది అంతకు ముందు ఎవరూ ఎరగరు. ఆ వేసవిలో అక్కడి నీళ్లు 15 డిగ్రీలు దాటాయి. అమెరికా తూర్పు తీరంలో 1988లో ఏటా పది దాకా ఉన్న వల్నిఫికస్ గాయాల కేసులు 2018 నాటికి ఎనభైకి చేరాయి. కేసులు కనబడే హద్దు ఏటా 48 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి జరిగిందని 2023లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది.

గోదావరి జిల్లాల్లో రొయ్యల రైతుకు విబ్రియో అన్న మాట కొత్త కాదు. చెరువు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి ల్యాబ్‌లో ఇస్తే, అందులోని బ్యాక్టీరియాను ప్లేటు మీద పెంచి, పసుపు చుక్కలెన్ని, ఆకుపచ్చ చుక్కలెన్ని అని లెక్కపెట్టి చెబుతారు. ఆకుపచ్చవి పెరిగాయంటే రైతుకు నిద్ర పట్టదు. పారాహీమోలిటికస్, వల్నిఫికస్ సాధారణంగా ఆ ఆకుపచ్చ లెక్కలోకే వస్తాయి. చైనా, వియత్నాం, థాయ్‌లాండ్ చెరువుల్ని ఊడ్చేసిన, రొయ్యల్ని పిల్ల దశలోనే చంపేసే ఈఎంఎస్ రోగానికి కారణం పారాహీమోలిటికస్‌లోనే ఒక రకమని 2013లో తేలింది.

మనం రొయ్యల్ని, పీతల్ని బాగా ఉడికించి తింటాం కాబట్టి తిండి ద్వారా భయం తక్కువ. భయం చేతులకే. రొయ్య తల ముల్లు గుచ్చుకోని చెయ్యి వలిచే పనిలో ఉండదు. షుగరో, కాలేయ జబ్బో ఉన్న మనిషికి ఆ గాయం గంటల్లో వాచి, విపరీతంగా నొప్పి పెడితే పసుపు అద్ది కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రొయ్య గుచ్చుకుందని, ఉప్పునీళ్లలో దిగామని డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ ఒక్క ముక్కతో సరైన యాంటీబయాటిక్ తొలి గంటల్లోనే పడుతుంది. టెక్సస్, ఫ్లోరిడా తీరాల్లో ఉంటున్న మనవాళ్లకైతే ఇంకో మాట: పచ్చి ఆల్చిప్ప మీద నిమ్మరసం పిండినా, కారం సాస్ పోసినా, పక్కన మందు తాగినా ఆ బ్యాక్టీరియా చావదు.