లోకం అంతమైతే చూసేదెవరు?

ఊరు మునిగిపోయిన కథ రాయడం సులువే. గట్టెక్కినవాడు ఒకడుంటాడు, జరిగింది వాడు చెబుతాడు. విశ్వమంతా నాశనమయ్యే కథలో ఎక్కడానికి గట్టే ఉండదు. ఈ ఇబ్బంది మన పురాణకర్తలకూ తెలుసు. అందుకే ప్రళయజలాల్లో అన్నీ మునిగినా మార్కండేయుణ్ణి ఒక్కణ్ణి తేలనిచ్చారు. మర్రి ఆకు మీది పసివాణ్ణి చూడడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. సైన్స్ ఫిక్షన్ రచయితకు వరాలిచ్చే దేవుడు లేడు. సాక్షిని బతికించాలంటే భౌతికశాస్త్రంలోనే సందు వెతుక్కోవాలి. ఈ కథల్లో నన్ను కట్టిపడేసేది ఆ వెతుకులాటే.

అన్నిటికన్నా గడ్డు సమస్య శూన్యం కూలిపోవడం. శూన్యమంటే ఏమీ లేకపోవడం కాదు. అందులో హిగ్స్ క్షేత్రం అంతటా పరుచుకుని ఉంటుంది, ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి దానివల్లే వస్తుంది. 2012లో యూరప్ కణభౌతిక పరిశోధనశాల సెర్న్‌లో ఆ క్షేత్రానికి చెందిన కణం హిగ్స్ బోసాన్ దొరికింది. దాని ద్రవ్యరాశినీ, టాప్ క్వార్క్ అనే మరో మూలకణం ద్రవ్యరాశినీ కలిపి లెక్కవేస్తే, ఇప్పటి సిద్ధాంతం అత్యధిక శక్తుల దాకా చెల్లుతుందనుకుంటే, ఈ శూన్యం పూర్తిగా స్థిరమైనది కాదని తేలుతోంది. కొండవాలులో ఒక గుంటలో ఆగిన రాయి లాంటిది, అసలు పల్లం ఇంకా కిందెక్కడో ఉంది. ఎక్కడైనా చిన్న బుడగంత చోటు ఆ పల్లంలోకి జారితే, అది దాదాపు కాంతివేగంతో పెరుగుతూ పోతుంది. దాని లోపల మనకు తెలిసిన పరమాణువులేవీ నిలవవు. అలా జరగడానికి పట్టే కాలం ముందు విశ్వం ఇప్పటి వయసు, అంటే 1,380 కోట్ల ఏళ్లు, లెక్కలోకే రాదు కాబట్టి టెన్షన్ పడనక్కర్లేదు.

కథకుడికి మాత్రం చిక్కే. బుడగ వస్తోందన్న కబురు మోసుకొచ్చే కాంతి, ఆ బుడగ ఇంచుమించు ఒకేసారి వచ్చి పడతాయి. భయపడే వ్యవధి కూడా ఉండదు. ఆస్ట్రేలియా రచయిత గ్రెగ్ ఈగన్ 2002 నాటి తన నవల ‘షిల్డ్స్ లాడర్’లో దీనికొక ఉపాయం చేశాడు. బుడగ సరిహద్దు వేగాన్ని కాంతివేగంలో సగానికి తగ్గించాడు. అంతే. ఆ ఒక్క మార్పుతో మనుషులకు శతాబ్దాలు దొరికాయి. గ్రహాలు ఖాళీ చేసి పోవడానికి, సరిహద్దు పక్కనే నౌక నడుపుతూ దాన్ని పరిశీలించడానికి, దాన్ని ఆపాలా వదిలెయ్యాలా అని తగువులాడుకోవడానికి కూడా వీలు చిక్కింది.

పోల్ ఆండర్సన్ 1970లో ‘టౌ జీరో’లో ఐన్‌స్టీన్‌ను ఆశ్రయించాడు. వేగం తగ్గించుకోలేని నౌక కాంతివేగానికి అంతకంతకూ దగ్గరవుతుంది. లోపల కొన్నేళ్లు గడిచేసరికి బయట కోట్లాది ఏళ్లు దొర్లిపోతాయి. విశ్వం ముడుచుకుపోయి మళ్లీ పుట్టడం ప్రయాణికులు చూస్తారు. విశ్వం ముడుచుకుంటుంటే బయట నిలబడడానికి చోటెక్కడిదన్న ప్రశ్నకు ఆ నవలలో సరైన జవాబు లేదు. అయినా కాలం రబ్బరులా సాగడాన్ని అంత బలంగా వాడుకున్న కథ ఇంకొకటి నేను చదవలేదు.

ఆర్థర్ క్లార్క్ 1953లో రాసిన ‘ద నైన్ బిలియన్ నేమ్స్ ఆఫ్ గాడ్’ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. టిబెట్ మఠంలో ఒక కంప్యూటర్ దేవుడి పేర్లన్నీ అచ్చువేయడం పూర్తిచేసే వేళకు, దాన్ని నడిపిన ఇంజనీర్లు తలెత్తి చూస్తే నక్షత్రాలు ఆరిపోతుంటాయి. సిరియస్ నక్షత్రం 8.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అంటే దాని వెలుగు మనల్ని చేరడానికి అన్నేళ్లు పడుతుంది. రోహిణి దాదాపు 65, ధ్రువ నక్షత్రం 400 పైచిలుకు. ఇవన్నీ ఒకే రాత్రి మన కళ్లకు ఆరినట్టు కనబడాలంటే సిరియస్ ఎనిమిదిన్నరేళ్ల కిందటే ఆరి ఉండాలి. రోహిణి ఆరేనాటికి ఆ కంప్యూటరే లేదు. ఆండ్రోమెడా గెలాక్సీ వెలుగు మనల్ని చేరడానికి 25 లక్షల ఏళ్లు పడుతుంది, అంటే అది పేర్లు పెట్టడం తెలిసిన మనిషి పుట్టకముందే ఆరిపోవాలి. ఇది కథలో తప్పని కొందరంటారు. నాకలా అనిపించదు. ఆ పని ఏ రాత్రి పూర్తవుతుందో ముందే తెలిసి, ఒక్కో దీపాన్నీ దాని దూరాన్ని బట్టి ఎవరో ఆర్పుతూ వచ్చారన్నమాట. లెక్క వేసి చూశాకే ఆ ముగింపుకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇక మిగిలింది నెమ్మదిగా వచ్చే చావు. 1852లోనే భౌతికశాస్త్రవేత్త విలియం థామ్సన్, అంటే తర్వాతి లార్డ్ కెల్విన్, పనికొచ్చే శక్తి ఎప్పుడూ చెదిరిపోతూనే ఉంటుందని రాశాడు. వేడికీ చల్లదనానికీ తేడా ఉన్నంతవరకే పని జరుగుతుంది. కోటి కోట్ల ఏళ్లు గడిచేసరికి కొత్త నక్షత్రాలు పుట్టడం దాదాపు ఆగిపోతుందని అంచనా. ఐజాక్ అసిమోవ్ 1956లో ‘ద లాస్ట్ క్వశ్చన్’లో ఈ చెదిరిపోవడాన్ని వెనక్కి తిప్పగలమా అని యుగయుగాల కంప్యూటర్లను అడిగిస్తాడు. అక్కడ సాక్షి మనిషి కాదు, యంత్రం.

భౌతికశాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ దీన్ని కథగా వదిలెయ్యలేదు. ఆలోచనను నెమ్మదింపజేసుకుంటూ, దీర్ఘ నిద్రలు పోతూ ఉంటే పరిమితమైన శక్తితోనే అనంతకాలం బతకొచ్చని 1979లో లెక్కకట్టి చూపాడు. విశ్వం ఎప్పటికీ చల్లబడుతూనే ఉంటుందన్నది ఆ లెక్కకు ఆధారం. 1998లో సూపర్నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, కొలిచిన బృందాలు విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని కనిపెట్టాయి. అదిలాగే సాగితే ఖాళీ అంతరిక్షం ఒక ఉష్ణోగ్రత దాకా దిగి, ఇక చల్లబడదు. డైసన్ నిద్రాజీవి అక్కడితో సరి. అయితే 2024, 2025లలో వచ్చిన, గెలాక్సీల దూరాలు కొలిచే డెసి సర్వే ఫలితాలు, ఆ వేగాన్ని పెంచే డార్క్ ఎనర్జీ కాలంతోపాటు బలహీనపడుతుండవచ్చని సూచించాయి. అది ఇంకా రుజువు కాలేదు. రుజువైతే డైసన్ లెక్కను మళ్లీ బయటికి తియ్యాల్సి ఉంటుంది.