ఒడ్డున వాలిన ఓడ

ప్రియమైన చిన్నూకీ, బుజ్జికీ,

తాతయ్య దీవెనలు. లెగో ముక్కలతో దొంగల ఓడ కట్టడం అయిపోయిందని, పుస్తకంలో చూపించినట్టే వచ్చిందని, ఇక దాంతో ఏం చెయ్యాలో తోచక బీరువా మీద పెట్టేశారని మీ అమ్మ చెప్పింది. నన్నడిగితే అసలు పని ఇప్పుడే మొదలవుతుంది.

లెగోలో ఓడదొంగలు మొదటిసారి 1989లో వచ్చారు. అప్పటిదాకా ఆ చిన్న బొమ్మలన్నిటికీ ఒకటే మొహం: రెండు చుక్కల కళ్లు, ఓ చిరునవ్వు. దొంగలతోనే గడ్డాలు, మీసాలు, కంటికి గంత, కొక్కెం చెయ్యి, కొయ్యకాలు వచ్చాయి. 2020లో వచ్చిన బారకూడా బే సెట్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో 2545 ముక్కలు. ఓడ పగిలి దీవికి కొట్టుకొచ్చి, ఆ ముక్కలే దొంగల ఇళ్లయిపోయినట్టు కడతారు. కావాలంటే వాటిని మళ్లీ కలిపి ఓడ చెయ్యొచ్చు. ఓడ చెక్కుచెదరకుండా ఉంటే చూడ్డానికి బాగుంటుంది గానీ, దానికి ఏదో ఒకటి జరిగితేనే కథ మొదలవుతుంది.

దొంగల ఓడకు నిజంగా జరిగేది ఒకటి చెబుతాను. కరీబియన్ లాంటి వెచ్చటి సముద్రాల్లో చెక్క ఓడ అడుగుకి గుల్లలు, నాచు పట్టేస్తాయి. దాంతో వేగం తగ్గిపోతుంది. పైగా చెక్కను తొలిచే పురుగులాంటి జీవి ఒకటి. రాజుగారి ఓడలకైతే రేవుల్లో మరమ్మతు ఏర్పాట్లుంటాయి. దొంగలు అక్కడికి వెళ్తే ఉరికంబమే కదా! అందుకని ఎవరూ చూడని చోట, పోటు మీద ఓడను ఒడ్డుకు తెచ్చేవాళ్లు. ఫిరంగులు, పీపాలు దించేసి, తెరచాప కొయ్యకు మోకులు కట్టి లాగి ఓడను ఒక పక్కకు వాల్చేవాళ్లు. తర్వాత అడుగు గీకి, తారు, కొవ్వు పూసేవాళ్లు. అంతసేపూ వాళ్లంత నిస్సహాయులు ఇంకెవరూ ఉండరు. మీరు కట్టాల్సింది ఈ సీనే.

ఎడమవైపు ఒడ్డు, కుడివైపు సముద్రం పెట్టుకోండి. కొయ్య ఒడ్డువైపు వాలుతుంది, ఓడ అడుగు సముద్రంవైపు బయటపడుతుంది. మనకు కనిపించేది ఆ ఒక్క పక్కే, కాబట్టి ఆ ఒక్క పక్కే కట్టండి. రెండో పక్కకు ఖర్చయ్యే ముక్కలతో కొండ వస్తుంది.

లోపల మామూలు ఇటుకలతో ఒక గోడ లేపి, మధ్యమధ్యలో పక్కన బొడిపె ఉండే ఇటుకలు పెట్టండి. పై పొరగా ప్లేట్లు (బొడిపెలుండే పల్చటి ముక్కలు), టైల్సు (బొడిపెల్లేని నున్నటి ముక్కలు) ఆ బొడిపెలకు అడ్డంగా తగిలిస్తే అది ఓడ చెక్కలా నున్నగా వస్తుంది. ఇక్కడో లెక్కుంది, స్కేలు తీసుకుని కొలిచి చూడండి. బొడిపెకూ బొడిపెకూ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. ప్లేటు మందం 3.2. అయిదు ప్లేట్లు పేరిస్తే 16, అంటే సరిగ్గా రెండు బొడిపెల వెడల్పు! ఇటుకల్ని పక్కకు తిప్పినా సందు లేకుండా అతికేది దీనివల్లే. ఇది ఒక్కటి ఒంటబడితే పుస్తకం చూడకుండా ఏదైనా కట్టెయ్యొచ్చు.

ఓడ ముక్కు వంపు కోసం గోడను మూడు భాగాలుగా చేసి, తలుపు బందుల్లా మడిచే ముక్కలతో కలపండి. మధ్యది తిన్నగా ఉంచి, రెండు చివర్లూ లోపలికి తిప్పండి. మొత్తాన్ని వాల్చాక కింద బూడిదరంగు రాళ్లు ఆనించండి, లేకపోతే బుజ్జి తుమ్మినా పడిపోతుంది.

ఇప్పుడు నాకిష్టమైన భాగం. దొంగలు ఇంకా గీకని చోట బొడిపెలు అలాగే వదిలెయ్యండి, అవే గుల్లలు. వాటి మీద అక్కడక్కడా ఆకుపచ్చ, తెలుపు చిన్న గుండ్రటి ముక్కలు నొక్కండి. గీకేసిన చోట మాత్రం టైల్సు వేసి నున్నగా చెయ్యండి. నునుపూ గరుకూ కలిసే గీత దగ్గర ఒక బొమ్మను నిలబెట్టి చేతికి పార ఇవ్వండి. పని ఎంతవరకూ అయిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

నీళ్లంటే నీలం అట్ట పరిచేసి ఊరుకోకండి. ఒడ్డు పక్కన ఇసుక రంగు ప్లేట్లు, తర్వాత లేత నీలం, దూరంగా ముదురు నీలం వేసి, వాటి మీద పారదర్శకమైన టైల్సు పరవండి. కింది రంగు పైకి కనబడి లోతు తెలుస్తుంది. అలల తలల మీద తెల్ల ముక్కలు పెట్టండి, చీర అంచులా వరసగా కాదు, తెగుతూ తెగుతూ. ఓడ కొయ్య నుంచి ఒడ్డున కొబ్బరిచెట్లకు కట్టే మోకులుగా మందపాటి కుట్టుదారం చాలు. ఒడ్డున దించిన ఫిరంగులు, పీపాలు చిందరవందరగా పడెయ్యండి. సర్దిపెట్టారో, అది కిరాణా కొట్టయిపోతుంది.

కుడివైపు వెనక మూలలో మీ వేలంత ఓడ ఒకటి పెట్టండి. గోధుమరంగు ప్లేట్లు రెండు, నిలువుగా ఓ సన్నటి కడ్డీ, దానికి తెల్ల టైలు. అంత చిన్నది కాబట్టి కంటికి మైళ్ల దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది. అది రాజుగారి యుద్ధనౌక. కొండ మీద దుర్భిణి పట్టుకున్న కాపలావాడు దాన్ని చూశాడా, లేక అటు తిరిగి కొబ్బరిబోండం తాగుతున్నాడా అన్నది మీ ఇష్టం. చిన్నూ చూశాడంటాడు, బుజ్జి చూళ్లేదంటుంది, నాకు తెలుసు. కొట్టుకోకుండా తేల్చుకుని ఫొటో పంపండి. ఫోను బల్ల ఎత్తుకు దించి, దొంగల కళ్ల దగ్గర్నుంచి తియ్యండి.

మీ తాతయ్య