రోకలి పోటు, తిరగలి విసురు

పొద్దున్నే ఆర్‌కే బీచ్‌లో నడుస్తుంటే నా పాత స్టూడెంట్ ఒకడు ఎదురయ్యాడు. ఇప్పుడు బీఎస్సీ చదువుతూ బాక్సింగ్ నేర్చుకుంటున్నాడట. ఒళ్లంతా ఇసక, మెడలో గ్లోవ్స్. ఫోన్లో పాత ఫైట్లు చూసి చూసి వాడికో అనుమానం పట్టుకుంది.

"మాస్టారూ, పాతోళ్లు నుదురూ నుదురూ ఆన్చి మరీ కొట్టుకునేవోళ్లు కదండీ. ఇప్పుడు హెవీవెయిటోళ్లు దగ్గరికొస్తే కావిలించుకుంటన్నారేటండీ?"

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.

"దగ్గరైతే చెయ్యి ఊపడానికి చోటుండదు కదండీ. దెబ్బలో బలం రాదు."

అక్కడే పప్పులో కాలేశాడు. వాడొక్కడే కాదు, మ్యాచ్ చూసేవాళ్లలో చాలామంది లెక్క ఇదే. ఈ వ్యాసం ఆ లెక్క సరిచేయడానికి. న్యూటన్ సూత్రాలు మళ్లీ మొదలుపెట్టను. వాటిని పదో తరగతిలో మీ చేత బట్టీ పట్టించిన పాపం మా మాస్టర్లది, మీకు నిద్రొస్తే తప్పు మీది కాదు.

భీమిలిలో మా అమ్మమ్మ ఇంట్లో రోలూ రోకలీ వసారా బయట ఉండేవి, తిరగలి మాత్రం లోపల మూలగదిలో ఉండేది. ఆ గది కప్పు చేతికి అందేది. అందులో రోకలెత్తితే తాటాకు చిరుగుతుంది. దంచాలంటే రోకలిని ఎత్తాలి, అది దిగడానికి జాగా ఉండాలి. తిరగలికి ఆ గొడవ లేదు. అమ్మమ్మ ఒక కాలు చాపుకుని కూర్చుని, పిడి పట్టుకుని, నడుముతో విసిరేది. చెయ్యి కదిలింది జానెడు, కందులు మాత్రం బద్దలైపోయేవి. మన భాషలో తిరగలినీ విసురుతాం, పంచ్‌నూ విసురుతాం. ఆ మాట ఎవరు కలిపారో గానీ మెకానిక్స్ తెలిసినవాళ్లే.

దూరం నుంచి వచ్చే తిన్నని పంచ్ రోకలి పోటు. 1985లో బ్రిటిష్ పరిశోధకులు ఫ్రాంక్ బ్రూనో అనే హెవీవెయిట్ పంచ్‌ని పరికరాలు పెట్టి కొలిచారు. పిడికిలి 49 సెంటీమీటర్ల దూరాన్ని సెకనులో పదో వంతులో దాటి, సెకనుకు 8.9 మీటర్ల వేగంతో తగిలింది. బలం గరిష్ఠంగా 4,096 న్యూటన్లు. సామాన్యుడికి అర్థం కావాలని వాళ్లే ఒక పోలిక ఇచ్చారు: మెత్త చుట్టిన ఆరు కిలోల చెక్క సుత్తిని గంటకు 32 కిలోమీటర్ల వేగంతో ఊపి కొట్టినట్టు. చదవగానే నాకు రోకలే కనబడింది.

ఇప్పుడు జాగా తగ్గిద్దాం. 49 సెంటీమీటర్ల చోట 16 మాత్రమే ఉంది, అంటే మూడో వంతు. వేగం కూడా మూడో వంతే అవుతుందా? కాదు. త్వరణం అంతే ఉంటే వేగం దూరానికి వర్గమూలంగా మారుతుంది. మూడో వంతు దూరంలో 58 శాతం వేగం మిగిలే ఉంటుంది, సెకనుకు ఐదు మీటర్ల పైమాటే. పోయిన ఆ 42 శాతాన్ని దెబ్బ వెనకున్న బరువుతో పూడ్చుకోవచ్చు. చాచిన చెయ్యి భుజం దగ్గర, మోచెయ్యి దగ్గర, మణికట్టు దగ్గర కొంచెం కొంచెం వెనక్కి ఇస్తుంది. మోచేతిని లంబకోణంలో బిగించి ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే ఆ సందులు మూసుకుపోయి, మొండెమే పిడికిలి వెనక నిలబడుతుంది.

తిరగలి అసలు సంగతి ఇక్కడుంది. కాసేపు ఓపిక పట్టండి. మొండెం తిరగలి రాయి, వెన్నెముక దాని ఇరుసు, పిడికిలి దాని పిడి. నడుం మెలితిప్పితే 100 న్యూటన్-మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, వచ్చిందనుకుందాం. పిడికిలి ఇరుసుకు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే నెట్టే బలం 143 న్యూటన్లు. మోచెయ్యి మడిచి 35 సెంటీమీటర్లకు తెస్తే అదే నడుము 286 న్యూటన్లిస్తుంది. (ఇది నెట్టే బలం. బ్రూనో 4,096 తగిలిన క్షణం లెక్క. రెండూ పక్కపక్కన పెట్టి కంగారుపడకండి.) పైగా చేతి బరువు ఇరుసుకు సగం దూరానికి వస్తే దాని జడత్వ భ్రామకం, అంటే తిప్పబోతే ఎదురుతిరిగే మొండితనం, నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి తిప్పడం తేలిక. తిరగలికి మూడడుగుల వాసం అడ్డంగా కట్టి, దాని కొసన చెయ్యి పెట్టి ఆపి చూడండి. సులువుగా ఆపేస్తారు. రాయి అంచుకే ఉన్న పిడిని ఆపబోతే వేళ్లు నలుగుతాయి. ఆ పిడి దెబ్బే హుక్. దవడకు పక్కనుంచి తగిలి తలను గిరుక్కున తిప్పుతుంది, మెదడు తట్టుకోలేనిది ఈ తిప్పుడే.

హెవీవెయిట్ చాంపియన్ జో ఫ్రేజియర్ చిన్నప్పుడు పంది తరమగా పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. అది మళ్లీ పూర్తిగా చాపుకోలేకపోయేవాణ్నని ఆయనే చెప్పుకున్నాడు. పుట్టుపిడి కాకపోయినా పడిన పిడి! 1971 మార్చి 8న న్యూయార్క్‌లో పదిహేనో రౌండులో మహమ్మద్ అలీని వెల్లకిలా పడేసింది ఆ చెయ్యే. 1986లో ఇరవయ్యేళ్లకే చాంపియన్ అయిన మైక్ టైసన్ ఎత్తు 178 సెంటీమీటర్లు, మన వీధిలో నిలబడితే ఎవరూ తలెత్తి చూడరు. వీళ్లిద్దరికీ చోటు లేకపోవడమే చోటు.

బలం ఇంత ఉంటే మరి దగ్గరికి చొరబడి కొట్టే ఆ విద్య ఎందుకు అడుగంటింది?

ఒక కారణం అందరికీ కనిపించేదే. మనుషులు పెరిగారు. వ్లాదిమిర్ క్లిచ్కో 198 సెంటీమీటర్లు, టైసన్ ఫ్యూరీ 206. 2020లో డియాంటే వైల్డర్ అనే హెవీవెయిట్ మీద గెలిచిన రాత్రి ఫ్యూరీ బరువు దాదాపు 124 కిలోలు. అలాంటివాడు నీ మెడ మీద పాతిక కిలోలు వాల్చాడనుకో. నువ్వు ముందుకు వంగి ఉన్నావు, మెడకీ నడుముకీ అడ్డంగా అరమీటరు దూరం. నడుం మీద పడే టార్క్ 122 న్యూటన్-మీటర్లు. ఇందాక పంచ్‌కి ఖర్చుపెడదామనుకున్న 100 కంటే ఎక్కువ. అంటే నీ నడుము నిన్ను నిలబెట్టడానికే సరిపోయింది. తిరగలి మీద బియ్యం బస్తా పెట్టినట్టు. క్లించ్ అంటే అలసట తీర్చుకునే కౌగిలి అనుకుంటాం. కాదు, అది బస్తా.

ఇంకో కారణం, టైటిల్ పోటీల్లో రౌండ్లు పదిహేను నుంచి పన్నెండుకు తగ్గాయి. డొక్కల్లో కొట్టిన దెబ్బ వడ్డీతో తిరిగొచ్చేది ఆ చివరి మూడింటిలోనే.

నన్ను బాగా పట్టుకున్న కారణం మాత్రం వేరే ఉంది: బటన్లు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ స్పష్టంగా పైచేయిగా ఉన్నా జడ్జీలు ఓడించిన అన్యాయం తర్వాత, 1992 నుంచి ఒలింపిక్స్‌లో కంప్యూటర్ స్కోరింగ్ పెట్టారు. రింగు చుట్టూ ఐదుగురు జడ్జీలు. కనీసం ముగ్గురు ఒక్క సెకను లోపల బటన్ నొక్కితేనే పాయింటు. ఇద్దరు బాక్సర్లు అతుక్కుని ఉన్నప్పుడు పొట్టలో పడే జానెడు దెబ్బను ఎవరు చూస్తారు? ఒక జడ్జికి వీపు కనిపిస్తుంది, ఇంకొకరికి మోచెయ్యి. దూరం నుంచి ముందు చేత్తో తిన్నగా విసిరే జాబ్ అనే పంచ్ ఐదుగురికీ కనిపిస్తుంది. పరీక్షలో రాని చాప్టర్‌ని పిల్లలేం చేస్తారో ముప్ఫయ్యేళ్లు పాఠం చెప్పిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

క్లిచ్కో 1996లో, అలెగ్జాండర్ పొవెట్కిన్ 2004లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది ఈ బటన్ల బడిలోనే. 2013లో మాస్కోలో వాళ్లిద్దరే తలపడ్డారు. పొట్టివాడు తల వంచి లోపలికి రావడం, పొడుగువాడు మీద వాలడం, రాత్రంతా ఇదే తంతు. రిఫరీ పదకొండో రౌండులో గానీ క్లిచ్కోకు ఒక్క పాయింటు కోయలేదు. ముగ్గురు జడ్జీలూ క్లిచ్కో వైపే 119-104 ఇచ్చారు. మెడ మీద బస్తా ఉండగా విసరడం ఎలాగో పొవెట్కిన్‌కు ఎవరూ నేర్పినట్టు లేదు. నేర్పినా పాయింట్లు వచ్చే చాప్టర్ కాదుగా.

నా మాట నమ్మకపోతే చేసి చూడమని మా వాడి వెంట వాళ్ల జిమ్ముకు వెళ్లాను. రేకుల షెడ్డు, ఉప్పుగాలికి తుప్పట్టిన గొలుసు, దానికి వేలాడే బ్యాగు. గొలుసుకు నిమ్మకాయా మిరపకాయలూ. ఎడమ చేతికి నల్లతాడు కడితే హుక్ బరువెక్కుతుందని అక్కడి కుర్రాళ్ల నమ్మకం. తాడు బరువు ఓ గ్రాము ఉంటుందేమో, ఆ మేరకు నేనూ ఒప్పుకున్నాను. నగిశెట్టి ఉష లాంటి బాక్సర్‌ని ఇచ్చిన ఊరు ఇది, ఇక్కడ దేన్నీ తేలిగ్గా తీసేయను.

"నుదురు బ్యాగుకి ఆన్చు. తియ్యకుండా తిన్నగా గుద్దు" అన్నాను. మోచెయ్యి వీపు వెనక్కి పోయింది, పిడికిలి బ్యాగును ఊరికే తాకింది. "ఇప్పుడు మోచెయ్యి మడిచి, డొక్కకి దగ్గరగా ఉంచు. చెయ్యి సంగతి మర్చిపో. ఎడమ మడమ తిప్పు, నడుం దాని వెనక రానీ." మొదటి రెండూ తేలిపోయాయి. మూడోది ధబ్బుమని పడింది. గొలుసు ఘల్లుమంది, ఓ మిరపకాయ రాలింది. వాడు నుదురు తియ్యకుండానే నావైపు కళ్లు తిప్పి నవ్వాడు.

అవతలి మూల నుంచి కోచ్ గారి విజిల్. బటన్లు ఒలింపిక్స్ నుంచి పోయి పదేళ్లు దాటింది.

"ఏట్రా, బ్యాగుకి ముద్దెట్టుకుంటన్నావా? ఎనక్కి జరిగి కొట్టు!"