కూలింగ్ టవర్‌లో నీళ్ల బదులు క్షారం

భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోంచి నేరుగా పట్టాలంటే మొదటి చిక్కు, అది చాలా పలచగా ఉండటం: పది లక్షల పాళ్లకు 420 పైచిలుకు. ఘనపు మీటరు గాలిలో ముప్పాతిక గ్రాము. అందులో 75 శాతం పట్టినా, ఒక్క టన్ను కోసం దాదాపు 18 లక్షల ఘనపు మీటర్ల గాలిని లాగాలి. అంత గాలిని చౌకగా కదిలించే యంత్రం పరిశ్రమల్లో ఎప్పటినుంచో ఉంది: వేడి నీళ్లను గాలితో చల్లార్చే కూలింగ్ టవర్.

2009లో మొదలైన కెనడా సంస్థ కార్బన్ ఇంజినీరింగ్ దాన్నే ఎంచుకుని, 2015లో స్క్వామిష్‌లో పైలట్ ప్లాంటు పెట్టింది. నీళ్ల బదులు, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే క్షారం, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పారించింది. అలాగని ఉన్న టవర్‌లో క్షారం పోసేస్తే కుదరదు. గాల్వనైజ్డ్ రేకు మీది జింకునీ, అల్యూమినియాన్నీ అది తినేస్తుంది. నీళ్లలోని కాల్షియం పొలుసు కట్టి ఫిల్‌ని, అంటే గాలి, ద్రవం బాగా తగిలేలా టవర్ లోపల పేర్చే పలకల్ని, మూసేస్తుంది. గాలితో ఎగిరే తుంపర కంట్లో పడితే చూపుకే ముప్పు. అందుకే పీవీసీ ఫిల్‌ని ఉంచుకుని, గాలి అడ్డంగా, ద్రావణం పైనుంచి కిందికి వెళ్లేలా అమర్చారు. గాలి బయటికొచ్చే వైపు తుంపరను ఆపే డ్రిఫ్ట్ ఎలిమినేటర్లు పెట్టారు. వాళ్ల డిజైన్‌లో గాలి దాటాల్సిన ఫిల్ లోతు 7 మీటర్లు. వాయువును పీల్చే వేగం ద్రావణపు పలచటి పొరలో జరిగే చర్యను బట్టి ఉంటుంది కనుక ధార అక్కర్లేదు, ఫిల్ తడిగా ఉంటే చాలు. పంపును ఆపి ఆపి నడిపి కరెంటు ఆదా చేస్తారు.

అసలు ఖర్చు పట్టినదాన్ని విడిపించడంలో ఉంది. పొటాషియం కార్బొనేట్‌గా మారిన ద్రావణంలో తడి సున్నం కలిపితే క్షారం తిరిగొస్తుంది, కాల్షియం కార్బొనేట్ విడిపడుతుంది. రాజమండ్రి, సారపాక మిల్లుల్లాంటి, కలపను క్షారంతో ఉడికించే క్రాఫ్ట్ కాగితపు మిల్లులు సోడియంతో చేసేది ఇదే. కాకపోతే మిల్లులో వచ్చేది బురద. కడగడం సరిగా లేకపోతే అందులో మిగిలిన క్షారం, దాన్ని మళ్లీ సున్నంగా కాల్చే బట్టీ లోపల చుట్టూ గడ్డకడుతుంది, తడి ఆర్చడానికే బోలెడు ఇంధనం పోతుంది. అందుకని కార్బన్ ఇంజినీరింగ్ వాళ్లు నీటిశుద్ధి కేంద్రాల్లోని పెల్లెట్ రియాక్టర్‌ను తెచ్చారు. అందులో కార్బొనేట్ చిన్న గుళికలుగా పెరుగుతుంది. తేలిగ్గా కడగవచ్చు, త్వరగా ఆరుతుంది.

గుళికలను 900 డిగ్రీల దగ్గర కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ విడిగా వచ్చి సున్నం మిగులుతుంది. బట్టీలో సహజవాయువును మామూలు గాలితో మండిస్తే ఆ వాయువులో నైట్రోజన్ కలిసిపోయి పడ్డ శ్రమంతా వృథా. ఆక్సిజన్‌తోనే మండించాలి.

2018లో వాళ్లు ప్రచురించిన లెక్కల్లో టన్నుకు ఖర్చు 94 నుంచి 232 డాలర్లు. 20 డిగ్రీల వేడి, 64 శాతం తేమ ఉన్నచోట టన్నుకు 4.7 టన్నుల నీరు ఆవిరవుతుంది. పొడి ఎండల్లో ఇంకా ఎక్కువే. పూర్తిగా గ్యాస్ మీద నడిపితే టన్నుకు 8.81 గిగాజౌల్స్ కావాలి. ఆ గ్యాస్ మండితే ఇంకో అర టన్ను కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దాన్నీ పట్టి తీరాలి కాబట్టి, గాలి నుంచి తీసే ప్రతి టన్నుకూ భూగర్భంలో టన్నున్నరకు చోటు చూసుకోవాలి.